తోలు బూట్ల కాలం అయిపోలేదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో వేటకు వెళ్లే తెలుగువాళ్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. డెన్వర్, సాల్ట్ లేక్ సిటీ, బోయిసీ లాంటి ఊళ్లలో స్థిరపడిన మనవాళ్లు కొందరు ఇక్కడి స్నేహితులతో కలిసి పశ్చిమ రాష్ట్రాల కొండల్లోకి వెళ్తున్నారు. ఆ సంగతులు మన భాషలో రాసేవాళ్లు అరుదు. అందుకు వ్యాసకర్తకు మనసారా కృతజ్ఞతలు. అయితే బూట్ల గురించిన పేరా దగ్గరికొచ్చేసరికి ఉండబట్టలేకపోయాను. తోలు బూట్ల కాలం అయిపోయిందనీ, అవి కాళ్లకు బరువు తప్ప ఇంకేం కావనీ, తేలికపాటి సింథటిక్ జత కొనుక్కుంటే పెట్టెలోంచి తీసిన రోజే కొండెక్కొచ్చనీ రాశారు. ఏ నెలలో వెళ్తున్నారు, ఏ కొండకు వెళ్తున్నారు, దిగేటప్పుడు వీపు మీద ఎంత బరువుంటుంది అన్న ఊసే లేదు. ఆ మాట నమ్మి ఎవరైనా అక్టోబరు చివర్లో పదివేల అడుగుల ఎత్తుకు వెళ్తే చిక్కుల్లో పడతారు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదైంది, మన్నించాలి.

మాది మార్కాపురం పక్కన పల్లె. కొలరాడో పడమటి అంచున గ్రాండ్ జంక్షన్‌లో ఉంటున్నాను. రోడ్ల పనులు చూసే సివిల్ ఇంజినీర్ని. ఏటా సెప్టెంబరులో విల్లుతో, అక్టోబరులో రైఫిల్‌తో వేటకు వెళ్తాను. ఒక నెలకు సింథటిక్ జత, ఇంకో నెలకు తోలు జత వాడతాను. కాబట్టి సింథటిక్ మీద నాకు పగేమీ లేదు. తోలు గురించి మాట్లాడే హక్కు మాత్రం నాకు పుట్టుకతోనే వచ్చింది. మా తాత తోళ్లు ఊనే లంద నడిపాడు. మా నాన్న చెప్పులు కుట్టాడు.

వేట అనగానే మన పాఠకుల్లో కొందరి మనసు చివుక్కుమంటుంది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నేరం చేసింది. నల్లమల పక్కన పెరిగినవాణ్ణి, ఆ చట్టం అలాగే గట్టిగా ఉండాలన్నదే నా మాట. ఇక్కడి పద్ధతి వేరు. ఏ కొండలో ఎన్ని జంతువులున్నాయో రాష్ట్రం లెక్కగట్టి ఆ మేరకే అనుమతులిస్తుంది. తుపాకులు, తూటాల మీద వేసే ప్రత్యేక పన్ను 1937 నుంచీ వన్యప్రాణుల సంరక్షణకే పోతోంది. కొట్టిన జంతువు మాంసాన్ని కొండ మీద కుళ్లబెడితే శిక్ష పడుతుంది. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లెవరైనా శిక్షణ తరగతి పూర్తి చేస్తేనే లైసెన్సు. వీసా మీద ఉన్న తమ్ముళ్లకు ఒక్క మాట: మీ విషయంలో తుపాకీ పట్టడమే ఫెడరల్ చట్టం కింద నేరం, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు చేతిలో ఉంటే మినహాయింపు ఉంది. బూట్ల దుకాణానికంటే ముందు వకీలు దగ్గరికి వెళ్లండి.

ఇక అసలు విషయం. ఎల్క్ అంటే మన కణితి కంటే చాలా పెద్ద దుప్పి. ఎదిగిన మగది 700 పౌన్లు, అంటే 300 కిలోల పైమాట. ఎముకలు తీసేసినా 200 పౌన్ల మాంసం ఉంటుంది. అది బండి దారి పక్కన పడదు. చీకటిగా ఉండే స్ప్రూస్ అడవిలో, ఏటవాలులో, దారికి రెండు మూడు మైళ్ల దూరంలో పడుతుంది. అక్కడే కోసి, వెనక తొడ ఒకటి వీపున వేసుకుంటే 50, 60 పౌన్లు. దానికి తోడు రైఫిలు, నీళ్లు, చలిబట్టలు. ఇలా ఒకసారి కాదు, మాంసమంతా బండికి చేరేదాకా తిరగాలి. వేట బూటుకు అసలు పరీక్ష ఎక్కేటప్పుడు ఉండదు, ఆ మోతలో ఉంటుంది. మీ వ్యాసంలో ఎక్కడమే ఉంది, మోసుకుని దిగడం లేదు.

నేల సంగతి కూడా చెప్పాలి. కొలరాడో, వయోమింగ్ కొండల్లో బెరడు పురుగు కొట్టి లక్షల ఎకరాల్లో చెట్లు ఎండిపోయాయి. ఆ మానులు ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా కూలి పడి ఉంటాయి. కొమ్మలు విరిగిపోయి మొదళ్లు మేకుల్లా పొడుచుకొచ్చి ఉంటాయి. నేల మీద అడుగు పెట్టకుండా మాను మీంచి మానుకు దాటుకుంటూ పోయే చోట్లున్నాయి. దాని మీద ఆరంగుళాల కొత్త మంచు కప్పితే కింద ఏముందో కనపడదు. చెట్లు దాటి పైకి పోతే రాళ్ల గుట్టలు. కాలు మోపగానే రాయి కదులుతుంది. అదే సెప్టెంబరు మొదటి వారంలో ఇదే కొండ పొడిగా, వెచ్చగా, కాలిబాటలతో ఉంటుంది. నెలన్నర తేడాలో కొండ మారిపోతుంది.

మూడేళ్ల కిందట అక్టోబరు చివర్లో ఫ్లాట్ టాప్స్ కొండలకు నాతో ఒక తమ్ముడు వచ్చాడు. నెల్లూరు పిల్లాడు, డెన్వర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గట్టివాడు, ఎండాకాలమంతా కొండలెక్కి ఒళ్లు సిద్ధం చేసుకున్నాడు. వేసుకొచ్చింది మంచి పేరున్న తేలికపాటి సింథటిక్ జత. మొదటి రెండు రోజులు హాయిగా తిరిగాడు, నాకంటే ముందే ఉండేవాడు. మూడో రోజు సాయంత్రం అతనికి ఆడ ఎల్క్ పడింది. కూలిన మానుల నడుమ, లోయ అడుగున. తొడ వీపున కట్టుకుని పైకి వస్తుంటే ఒక మాను దిగేటప్పుడు కాలు జారి, విరిగిన కొమ్మ మొదలు బూటు పక్కన, చిటికెన వేలి దగ్గర జాలీ గుడ్డలోంచి దూసుకుపోయింది. అదృష్టం, వేలికి తగల్లేదు. బూటులో మాత్రం బొటనవేలు పట్టేంత చిరుగు. కాసేపటికి, "అన్నా, లోపలికి నీళ్లొస్తున్నాయి" అన్నాడు. ఇంకో మైలు నడిచేసరికి ముందువైపు అడుగు నోరు తెరిచింది. టార్చి వెలుతురులో మానుమీద కూర్చోబెట్టి, మంచు దులిపి, బూటు చుట్టూ డక్ట్ టేపు నాలుగు చుట్లు చుట్టి కట్టాను. దిగుడులో ఆ మెత్తటి బూటులో పాదం ముందుకు జారి, వేళ్లు వెళ్లి ముందు గోడకు కొట్టుకుంటూనే ఉన్నాయి. బండి దగ్గర బూటు విప్పితే మేజోడు నుంచి నీళ్లు కారాయి, వేళ్లు తెల్లగా, స్పర్శ లేకుండా ఉన్నాయి. వేడినీళ్ల సీసా గుడ్డలో చుట్టి పెట్టాక చాలాసేపటికి మంటెత్తి రంగు తిరిగింది. రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడి సంక్రాంతి నాటికి ఊడిపోయాయి.

ఆ బూటు చెడ్డదని నేననను. బాగున్న కాలిబాట మీద, వీపున పాతిక పౌన్లతో నడవడానికి చేసిన బూటు అది, ఆ పని చక్కగా చేస్తుంది. వీపు మీద బరువు పెరిగేకొద్దీ రెండు సంగతులు మారతాయి. ఒకటి, అడుగు భాగం మెత్తగా వంగితే ఆ వంపంతా అరికాలు, పిక్క మొయ్యాలి. ఏటవాలులో బూటు అంచు మాత్రమే నేలను పట్టుకునే చోట మెత్తటి బూటు చుట్టుకుపోతుంది. అందుకే కొండ వేటకు చేసే బూట్లలో అడుగుకూ పాదానికీ నడుమ గట్టి నైలాన్ పలక వేస్తారు. రెండోది, పైభాగం. సింథటిక్ బూటు పైభాగం చిన్న చిన్న ముక్కలు కుట్టి, అంటించి చేస్తారు. ఎన్ని కుట్లుంటే తెగడానికి అన్ని చోట్లు. మంచి తోలు బూటుకు ముక్కలు తక్కువ. మాంటానాలోని బోజ్‌మన్ నుంచి కెనెట్రెక్ అనే కంపెనీ ఇటలీలో కుట్టించే మౌంటెన్ ఎక్స్‌ట్రీమ్ బూటునే తీసుకోండి, ఇక్కడి కొండ వేటగాళ్లలో చాలామంది కాళ్లకు కనిపిస్తుంది. దాని తోలు 2.8 మిల్లీమీటర్ల మందం. ఆ కొమ్మ మొదలు దాని మీద గీత పెట్టి పక్కకు పోయేది.

దానికి మూల్యం బరువు. అలాంటి జత దాదాపు నాలుగు పౌన్లు తూగుతుంది, తేలికపాటి సింథటిక్ మూడు పౌన్ల లోపే. పాదం మీద ఒక పౌను వీపు మీద ఐదు పౌన్లతో సమానమని కొండలెక్కేవాళ్లు ఎప్పటినుంచో అంటారు. అది ఉత్తమాట కాదు, రోజుకు ఎనిమిది పది మైళ్లు తిరిగేటప్పుడు సాయంత్రానికి తొడలు చెబుతాయి. ఖరీదూ అంతే: మంచి తోలు జత 400 నుంచి 600 డాలర్లు, సింథటిక్ 200, 300కు వస్తుంది. కొత్త సంసారం, పిల్లల చదువులు ఉన్నవాళ్లకు ఆ తేడా పెద్దదే.

కాబట్టి సెప్టెంబరు విల్లు వేటకు నేను సింథటిక్కే వేస్తాను. పగలు చెమట పడుతుంది, జంతువుకు ముప్పై నలభై గజాల దాకా అలికిడి లేకుండా వెళ్లాలి, కాలి కింద పుల్ల ఉందో రాయి ఉందో పాదానికి తెలియాలి. తెల్లవారుజామున గడ్డి మీద మంచుకు తడిసినా పదకొండు గంటల ఎండకు ఆరిపోతుంది. తోలు తడిస్తే నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, రోజంతా ఆరదు. వయోమింగ్ మైదానాల్లో ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువు వేటకూ తేలిక జత చాలు. వాన కురిస్తే అక్కడి బెంటొనైట్ మట్టి మన నల్లరేగడికి తాతే, లోతు గాళ్లున్న అడుగుకు రెండేసి కిలోలు పట్టుకుంటుంది. గాళ్లు తక్కువున్న తేలిక బూటు దులిపితే రాలుతుంది. ఒకటే జాగ్రత్త, అక్కడ నేలబారుగా నాగజెముడు ఉంటుంది. జంతువు కోసం మోకాళ్ల మీద పాకేటప్పుడు బూటు ముందు భాగం నేలనే రాసుకుంటుంది. జాలీ గుడ్డ ఉన్న బూటైతే ముళ్లు తిన్నగా వేళ్లలోకి దిగుతాయి. వేళ్ల దగ్గరన్నా తోలో రబ్బరో ఉన్న జత చూసుకోవాలి.

వాటర్‌ప్రూఫ్ గురించి మీ వ్యాసంలో సింథటిక్ అంటేనే నీళ్లాపే గోర్‌టెక్స్ పొర అన్నట్టు రాశారు. ఆ పొర తోలు బూట్లలోనూ ఉంటుంది. 1979లోనే డానర్ అనే కంపెనీ తోలూ నైలానూ కలిపి కుట్టిన బూటులో ఆ పొర వేసింది. ఆ పొరలోని రంధ్రాలు నీటి చుక్క కంటే 20 వేల రెట్లు చిన్నవి, నీటి ఆవిరి కణం కంటే 700 రెట్లు పెద్దవి అని తయారీదారు లెక్క. చెమట ఆవిరి బయటికి పోవాలి, వాన లోపలికి రాకూడదు, అదీ సూత్రం. కానీ బూటు పైభాగం నీళ్లు తాగి నానిపోతే ఆవిరి పోయే దారి మూసుకుపోతుంది, పాదం తన చెమటకే తడుస్తుంది. పైగా లోపల ఇసుక, మట్టి చేరి వేళ్లు వంగే చోట పొరను రోజూ కొద్దికొద్దిగా కోస్తుంటాయి. రెండు మూడు సీజన్లు గట్టిగా తిరిగిన బూటులో ఆ పొరను నమ్ముకోవద్దు. అప్పుడు బయట ఉన్నది ఏమిటన్నదే లెక్క. మైనం పట్టించిన మందపాటి తోలు పొర పోయాక కూడా చాలాసేపు నీటిని ఆపుతుంది. గుడ్డ ఆపదు.

నీళ్లు ఆపే తోలు నాకు పుస్తకంలో తెలిసింది కాదు. కరెంటు మోటార్లు రాకముందు మా ఊరి బావుల మీద ఎద్దులతో నీళ్లు తోడే కపిలలు ఉండేవి. వాటికి తోలు బాన, తొండం మా తాతే కుట్టేవాడు. పొద్దుటినుంచి ఎద్దులు లాగుతుంటే ఆ తోలు నూతిలో మునుగుతూ తేలుతూ ఏళ్లు పనిచేసేది. పచ్చి తోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు, కండ గీకేసి, తంగేడు చెక్క నీళ్లలో ఊనేవాళ్లు. తోలునే సంచిలా కుట్టి ఆ నీళ్లు లోపల నింపి వేలాడదీసేవాళ్లు, చెక్క సారం లోపలినుంచి బయటికి ఊరుతూ తోలంతా పట్టడానికి. ఆ వాసనకు ఊరు మా వాడవైపు రాలేదు. ఊరి రైతులందరూ మాత్రం మా తాత చేసిన బానతోనే పొలం తడుపుకున్నారు, మా నాన్న కుట్టిన కిర్రు చెప్పులే వేసుకుని పెళ్లిళ్లకు వెళ్లారు. తోలు పాతకాలపు సరుకు అని ఎవరైనా తేలిగ్గా తీసేస్తే నాకు నొప్పి కలిగేది అందుకే. కాళ్ల కిందిది కదా అని చిన్నచూపు చూడటం మనకు అలవాటైపోయింది. ఆ మాటకొస్తే సింథటిక్ వైపు కూడా మనవాళ్ల చేతులే ఉన్నాయి. తడ దగ్గర మాంబట్టులో ప్రపంచమంతా తొడుక్కునే స్పోర్ట్స్ షూలు వేల మంది మన ఆడపిల్లలు కుడుతున్నారు. రెండు పనులకూ దండం పెడతాను.

తోలు అనగానే అంతా ఒకటే అనుకోకూడదు. పశువు వెంట్రుకలున్న వైపు పై పొరలో నారలు దగ్గరదగ్గరగా, గట్టిగా అల్లుకుని ఉంటాయి. ఆ పొర చెక్కకుండా ఉంచినదే ఫుల్ గ్రెయిన్. దాన్ని పైపైన మాత్రం రుద్ది మెత్తటి నూగు తెప్పిస్తే నూబక్. చూడ్డానికి వేరుగా ఉన్నా బలం దాదాపు అంతే. పై పొరను వేరు చేశాక మిగిలిన కింది పొరకు ప్లాస్టిక్ పూత పూసి, జెన్యూన్ లెదర్ అని ముద్రవేసి అమ్మే బూట్లు కూడా బజారులో బోలెడు. అది తోలే, అబద్ధం లేదు, కానీ కొండ పనికి రాదు. ముద్ర చదివి సరిపెట్టుకోకుండా చేత్తో చూడండి. వేళ్లు వంగే చోట బొటనవేలితో నొక్కితే మంచి తోలు మీద సన్నటి ముడతలు లేచి, వేలు తీయగానే సర్దుకుంటాయి. పూత పూసినది ఒక్క మందపు మడతగా లేస్తుంది. బూటు నాలుక పైఅంచు దగ్గర కోసిన తోలు కనపడుతుంది, అక్కడ చూస్తే నారలు బిగువుగా ఉన్నాయో వదులుగా ఉన్నాయో తెలిసిపోతుంది. మా నాన్న సంతలో తోలు కొనేటప్పుడు ముందు చూసేది అంచునే.

తోలు కొన్నవాళ్లు దాన్ని చూసుకోవాలి. చూసుకోలేని వాళ్లు కొనకపోవడమే మంచిది, ఈ మాట గట్టిగా చెబుతున్నాను. మా గుంపులో విజయవాడ పెద్దాయన ఒకరున్నారు. మంచు వాన కురిసిన రాత్రి తడిసిన తోలు బూట్లను గుడారంలో కట్టెల పొయ్యి పక్కనే తగిలించి పడుకున్నారు. తెల్లారేసరికి ఒక బూటు ముందు భాగం అప్పడంలా బిర్రబిగిసింది. వేళ్లు వంగే చోట తెల్లటి పగుళ్లు వచ్చాయి. వేడికి జిగురు మెత్తబడి పక్కన అడుగు విడిపోయింది. ఆరువందల డాలర్ల జత ఒక్క రాత్రిలో పోయింది. తడిసిన తోలును నీడన, గాలికి ఆరనివ్వాలి. లోపలి అట్ట తీసేసి, పాత న్యూసుపేపరు ఉండలు చుట్టి కూరి, గంటకోసారి మార్చాలి. గడ్డకట్టే చలిలో బయట వదిలేస్తే తెల్లారి కాలు దూరదు. ఒక సంచిలో వేసి నిద్రసంచి పక్కన పెట్టుకోవాలి. సీజన్‌కు ముందు, మధ్యలో, తర్వాత మైనం పట్టించాలి, ముఖ్యంగా కుట్ల వెంట. మన ఊళ్లో చెప్పులకు ఆముదం పట్టించినట్టు వీటికీ పట్టిస్తామని కొందరు అడుగుతారు. వద్దు. ఆ చెప్పులు కుట్టుతో నిలిచేవి, ఈ బూట్లలో జిగురు ఉంది, నూనె ఎక్కువైతే జిగురు వదులుతుంది, తోలు మెత్తబడి పట్టు పోతుంది. తయారీదారు చెప్పిన మైనమే వాడండి.

అడుగు విషయంలో తోలు, సింథటిక్ అనే తేడా లేకుండా రెండింటినీ పట్టే జబ్బు ఒకటుంది. చాలా బూట్లలో రబ్బరు అడుగుకు పైన పాలీయురేథేన్ అనే మెత్తటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. గాల్లో తేమకే అది ఏళ్ల తరబడి లోలోపల విరిగిపోతూ ఉంటుంది, వాడినా వాడకపోయినా. మా పక్కింటి అమెరికన్ ముసలాయన గరాజులో దాచుకున్న బూట్లు నాకు చూపించాడు; పైన తోలు నిగనిగలాడుతోంది. వంచి చూడమన్నాను. మడమ దగ్గర ఆ పొర పాత బెల్లం ముక్కలా పొడిపొడిగా రాలింది. దాచుకున్న జతైనా, స్నేహితుడు ఉచితంగా ఇచ్చిన జతైనా కొండకు తీసుకెళ్లే ముందు మడమ పక్కన గోటితో నొక్కి చూడండి. మంచి తోలు బూటుకు అడుగు మార్పించవచ్చు, పైభాగం రెండు మూడు అడుగుల కాలం మన్నుతుంది. ఆ లెక్కన చూస్తే ఖరీదులో తేడా చాలా వరకు పూడిపోతుంది. సింథటిక్ జతల్లో చాలా వాటికి ఆ వీలుండదు, అడుగుతోపాటే పైభాగం కూడా అయిపోతుంది.

ఇవాళ మనం వాడే గాళ్ల రబ్బరు అడుగు పుట్టిందే ఒక విషాదంలోంచి. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లో పుంటా రసీకా శిఖరానికి వెళ్లిన గుంపు, రాయి ఎక్కడానికి వీలుగా ఉంటాయని మేకుల బరువు బూట్లు కిందే వదిలి తేలికపాటి జోళ్లతో ఎక్కింది. మంచుతుపాను విరుచుకుపడింది, ఆ జోళ్లతో దిగలేకపోయారు, ఆరుగురు చనిపోయారు. వాళ్లతో ఉన్న వితాలే బ్రమాని ఆ దుఃఖంతోనే రాయి మీదా, మంచు మీదా పట్టు ఇచ్చే రబ్బరు అడుగు కోసం కూర్చున్నాడు. 1937లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన పేరు, ఇంటిపేరు కలిసినదే ఇవాళ బూట్ల అడుగున కనిపించే వైబ్రమ్. తేలిక బూటు ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ ప్రాణం మీదికి తెస్తుందో పైకి వెళ్లకముందే ఆలోచించుకోవాలి. వాతావరణం మారాక ఆలోచించే వ్యవధి ఉండదు.

వెచ్చదనం కోసం బూటులో వేసే థిన్సులేట్ పొర 400 గ్రాములు, 800 గ్రాములు అని రాసి ఉన్నవి చూసి బూటు అంత బరువెక్కుతుందని కొందరు భయపడుతున్నారు. అది చదరపు మీటరు గుడ్డకు లెక్క. రోజంతా నడిచే వేటకు అది లేని బూటే మేలు, చెమట పట్టి ఆగినప్పుడు చలేస్తుంది. నవంబరులో ఒకే చోట కూర్చుని ఎదురుచూసేవాళ్లకు 400 బాగుంటుంది.

ఏ జతైనా పాదానికి సరిపోకపోతే పైన చెప్పినదంతా వృథా. సాయంత్రంపూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కొండకు వేసుకునే ఉన్ని మేజోళ్లతోనే వేసి చూడండి. మనవాళ్లు ఇండియా నుంచి తెచ్చుకున్న నూలు మేజోళ్లతో వస్తారు. నూలు చెమట పీల్చి పట్టుకుంటుంది, అక్కడే పొక్కులు లేస్తాయి. మెరినో ఉన్ని కొనుక్కోండి. దుకాణంలో వాలు పలక ఉంటే దాని మీద కిందికి దిగి గట్టిగా అడుగు వేయండి, వేళ్లు ముందు తగిలితే ఆ సైజు కాదు. మన పాదాలు చాలామందికి ముందు వెడల్పు, మడమ సన్నం. చిన్నప్పటినుంచి చెప్పులతో తిరిగిన పాదాలు అవి. వెడల్పు సైజు అడిగి తీసుకోండి, పొడవు పెంచి సర్దుకోవద్దు. మంచు మీద నడిచే రోజున బూటు పైనుంచి పిక్కల దాకా కప్పే తొడుగులు, గెయిటర్లు, కట్టుకోండి, ఎందుకంటే బూటులోకి నీళ్లు వచ్చేది ఎక్కువగా పైనుంచే.

కొత్త తోలు కరవడం నిజమే. దాన్ని లొంగదీసుకోవాలి. ముందు ఇంట్లో, తర్వాత వీధిలో, తర్వాత వీపున బియ్యం మూట పెట్టుకుని కొండ మీద. పెట్టెలోంచి తీసిన రోజే కొండెక్కొచ్చన్న మాట సింథటిక్ విషయంలో కొంతవరకు నిజం, తోలు విషయంలో పొక్కులకు పిలుపు.

మీ వ్యాసకర్త రెండో భాగం రాస్తామన్నారు. అందులో ఈ మూడు సంగతులు, నెల, నేల, మోత, చేర్చి బూట్ల పేరా తిరగరాయమని నా మనవి. సెప్టెంబరు కాలిబాటలకు వెళ్లేవాళ్లు ఆయన చెప్పినట్టే సింథటిక్ కొనుక్కోవచ్చు. అక్టోబరు, నవంబరుల్లో ఎత్తైన కొండలకు రైఫిల్‌తో వెళ్లి మాంసం వీపున మోసుకురావాలనుకునేవాళ్లకు, చూసుకునే ఓపిక ఉంటే, ఫుల్ గ్రెయిన్ తోలు జతే నా మాట. కొలరాడోలో అనుమతుల డ్రాకు దరఖాస్తు గడువు ఏప్రిల్ మొదట్లో ముగుస్తుంది, వేసవి మొదలయ్యేసరికి ఫలితాలు వస్తాయి. ట్యాగ్, అంటే వేట అనుమతి, వచ్చిందని తెలిసిన వారంలోనే బూట్లు కొనేస్తే అక్టోబరు నాటికి తోలు పాదానికి అలవాటు పడటానికి మూడు నెలల పైనే దొరుకుతుంది. మీ రెండో భాగం ఆలోగా అచ్చయితే చదివినవాళ్లకు పనికొస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
గ్రాండ్ జంక్షన్, కొలరాడో